నాన్న మాయమైతే పేపరెక్కడుండాలి?

ఈ వారమంతా ఒక్క పేజీ ముందేసుకుని కూర్చున్నాను. ఆరు గళ్ల పేజీ. అందులో ఒక నాన్న మాయమవ్వాలి. అంతకు మించి పనేం లేదు.

పిల్లల పత్రికొకదానికి నెలనెలా బొమ్మల కథ వేస్తున్నాను. ఒక ఇల్లు, ఇంట్లో నలుగురు, నలుగురికీ ఏదో ఒక శక్తి. అబ్బాయికి గాలిని మించిన వేగం, స్కూలు బస్సొచ్చే వేళ మాత్రం అది పనిచెయ్యదు. తాతయ్య ఎగరగలడు, దిగేటప్పుడు మోకాళ్లు సహకరించవు. వీధి చివర కిరాణా కొట్లో ఎవరేం గుసగుసలాడుకున్నా అమ్మకి వినబడుతుంది. ఇక నాన్న. ఆయన కనబడకుండా పోగలడు. అదీ ఎవరైనా పని చెప్పబోయినప్పుడే.

మొదట్లో ఇలా లేదు. నాన్న చేత లారీ ఎత్తించాను, అమ్మ చేత ఉప్పెన ఆపించాను. కండలు బాగానే కుదిరాయి గానీ నవ్వు రాలేదు. ఆ పేజీలు చూసి మా అమ్మాయి, "లారీ ఎత్తినాయన గ్యాస్ బండ మార్చడానికి పక్కింటి అన్నయ్యని ఎందుకు పిలిచాడు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇరవై పేజీలు అటకెక్కాయి.

ఇంట్లో సరిపోయేంత చిన్నదయ్యేదాకా శక్తిని కుదించాలని అప్పుడు తెలిసింది. నిజానికి ఇదేం నా కనిపెట్టుడు కాదు. 1961లో స్టాన్ లీ, జాక్ కిర్బీ కలిసి ఫెంటాస్టిక్ ఫోర్ కామిక్స్ మొదలుపెట్టినప్పుడు ఆ వీరులు విలన్లతో ఎంత పోట్లాడారో తమలో తాము అంతకు తక్కువేం పోట్లాడలేదు. 2004లో బ్రాడ్ బర్డ్ తీసిన ది ఇన్‌క్రెడిబుల్స్‌లో అమ్మ రబ్బరులా సాగుతుంది. నాలుగు పక్కల నుంచి లాగితే ఏ అమ్మయినా సాగక ఏం చేస్తుంది! అయినా మనకి అంతదూరం వెళ్లే పనేముంది? 1957లోనే మాయాబజార్ ఉంది. ఘటోత్కచుడికి అన్ని మాయలొచ్చు కదా, ఆ సినిమాలో అవన్నీ ఒక పెళ్లి చెడగొట్టి ఇంకో పెళ్లి చెయ్యడానికే ఖర్చయ్యాయి. శశిరేఖ రూపంలో పీటల మీద కూర్చుని పెళ్లికొడుకు కాలు తొక్కుతాడే, ఆ ఒక్క కాలి తొక్కుడు ముందు నా లారీ ఎందుకూ కొరగాదు.

సరే, నాన్న సంగతికొద్దాం. కనబడని మనిషిని కాగితం మీద ఎలా చూపిస్తాం? ఫెంటాస్టిక్ ఫోర్‌లో మాయమైన సూ అనే పాత్ర చుట్టూ చుక్కల గీత గీసేవారు. నేనూ గీసి చూశాను. మా నాన్న పాత్ర టైలరు సుద్దతో గుర్తులు పెట్టిన లాల్చీలా తయారైంది. అచ్చంగా ఖాళీ వదిలేస్తే పిల్లలకి అక్కడ మనిషున్నాడని తెలిసేదెలా? లుంగీ ఒక్కటే గాల్లో ఉంచుదామంటే నవ్వొస్తుంది గానీ, పిల్లల పత్రికలో ఆ నవ్వు నాకిష్టం లేదు. ఆఖరికి ఒక నియమం పెట్టుకున్నాను. ఒంటి మీదున్నవి ఆయనతోపాటే పోతాయి, చేతిలో పట్టుకున్నవి పోవు. ఆ నియమం పుట్టాకే కథ కదిలింది. ఎందుకంటే నాన్న చేతిలో ఎప్పుడూ పేపరుంటుంది.

మొదటి గడిలో అమ్మ ఉల్లిపాయల బుట్టతో వచ్చి "ఏవండీ" అంటుంది. రెండో గడిలో కుర్చీ ఖాళీ, పేపరు మాత్రం గాల్లో. మూడులో పేపరు ఒక పేజీ తిరుగుతుంది. నాలుగో గడిలో అమ్మ పేపరు వంక చూస్తూ నిలబడుతుంది. ఐదులో "ఆ పేపరు కింద పరిచి కత్తిపీట ముందు కూర్చోండి" అంటుంది, పేపరు వెనకనుంచి "నేనిక్కడ లేను" అని జవాబొస్తుంది. ఆరులో కత్తిపీట మీద ఉల్లిపాయ దానంతటదే తెగుతుంటే, గాల్లోంచి రెండు కన్నీటి చుక్కలు పడుతుంటాయి.

నాలుగో గడిలో అమ్మకి మొదట మాటలు రాశాను. "దొరికారులెండి" అని. తీసేశాను. మళ్లీ రాశాను. మళ్లీ తీసేశాను. ఆ మాటుంటే పాఠకుడి కన్నా ముందు అమ్మే నవ్వేసినట్టుంటుంది. ఫెంటాస్టిక్ ఫోర్‌కి లీ కథ సంగతులు చెప్తే కిర్బీ బొమ్మలు వేసేవాడు, సంభాషణలు ఆ తర్వాతే చేరేవి. ఆ పద్ధతిలో గొడవలూ ఉన్నాయి, కథలో ఎవరి వాటా ఎంతని అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం అది మేలు చేసింది. ముందే మాటలు రాసుకుంటే, బొమ్మలో కనిపించేదాన్నే పాత్ర మళ్లీ నోటితో చెప్తుంది.

అక్షరాల దగ్గర ఇంకో తంటా. ఇంగ్లీషు కామిక్స్‌లో ఎక్కువగా పెద్దక్షరాలే, బెలూన్లో ఇటుకల్లా పేర్చేసుకోవచ్చు. మనకి పైన గుడులు, కింద ఒత్తులు. "లక్ష్మి" అని రాస్తే కింది వరస నెత్తిన కాలు పెడుతుంది. వరసల మధ్య చోటు వదిలితే బెలూను ఉబ్బి పాత్ర తల మింగేస్తుంది. అందుకే నా పాత్రలు పొదుపుగా మాట్లాడతాయి. చప్పుళ్ల విషయంలో మాత్రం నాకు కరువు లేదు. ధబ్, ఠంగ్, ఫెళ్, చర్ర్, బుడుంగ్! కన్నీటి చుక్కకి "టప్" వెయ్యాలా "టపుక్" వెయ్యాలా అని ఒక పూటంతా ఆలోచించాను. టపుక్‌లో చుక్క కాస్త బరువుగా పడుతుంది. అదే ఉంచాను.

అంతా అయిందనుకున్నాక ఐదో గడిలో తప్పు కనబడింది. మనం ఎడమ నుంచి చదువుతాం కాబట్టి ముందు మాట్లాడే మనిషి ఎడమ పక్కనుండాలి. "నేనిక్కడ లేను" అని పేపరు వెనకనుంచి నాన్న అనే జవాబు ముందు పడి, అమ్మ మాట తర్వాత పడుతోంది. తిరిగి గీసే ఓపిక లేక ట్యాబ్లెట్‌లో బొమ్మని అద్దంలోలాగా అటుదిటు తిప్పేశాను. ఒక్క నొక్కు. గర్వంగా తీసుకెళ్లి మా అమ్మకి చూపించాను.

అమ్మ కళ్లజోడు టీవీ మీదుంది. అది తెచ్చుకోకుండానే, "ఇదేమిట్రా, ఈవిడ కొంగు కుడి భుజం మీదేసుకుంది? గుజరాతీ వాళ్లా వీళ్లు?" అంది.

చూస్తే నిజమే. బొమ్మతోపాటు కొంగూ తిరిగిపోయింది.

"ఇంతకీ ఆ పేపరు వెనకాలున్నదెవరు?"

"నాన్న, అమ్మా. కనబడడు. పని చెప్తే మాయమైపోతాడు."

"దానికి బొమ్మలెందుకురా!" అని అమ్మ వరండా వైపు చూసింది. అక్కడ పేపరు తిప్పిన చప్పుడైంది. మనిషి మాత్రం పలకలేదు.