బెజవాడ నొక్కితే తెలంగాణ తెరుచుకోకుండా

రెండు తెలుగు రాష్ట్రాల పటం ఒకటి పీడీఎఫ్‌ రూపంలో ఈ మధ్య నా చేతికొచ్చింది. బడిపిల్లల కోసం చేసింది. తెలంగాణ మీద నొక్కితే తెలంగాణ వివరాలు, ఆంధ్ర మీద నొక్కితే ఆంధ్ర వివరాలు వస్తాయి. చేసినవారి పేరు ఎక్కడా లేదు. ఇందులో అంత పనితనం ఏముంది అంటారేమో. పీడీఎఫ్‌లో బటన్ అంటే ఏమిటో తెలిస్తే ఆ మాట అనరు.

మనకు బటన్ గుండ్రంగా కనిపించవచ్చు, రాష్ట్రం ఆకారంలో వంకరటింకరగా కనిపించవచ్చు. పీడీఎఫ్‌కు మాత్రం అది నాలుగు సంఖ్యలు: ఎడమ, కింద, కుడి, పైన. కొలత మొదలయ్యేది మామూలుగా పేజీ ఎడమ కింది మూల నుంచి. అంగుళంలో 72వ వంతు ఒక పాయింటు. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌ సాఫ్ట్‌వేర్‌లో రాష్ట్రం సరిహద్దు వెంబడే ఎంత ఓపిగ్గా బటన్ గీసినా, బయటికి వచ్చేసరికి నొక్కితే పలికే చోటు దాన్ని చుట్టుముట్టిన దీర్ఘచతురస్రపు పెట్టే. లింకులకైతే వాలుగీతల ఆకారం ఇచ్చే వీలు పీడీఎఫ్‌ 1.6 నుంచి ఉంది గానీ, అన్ని సాఫ్ట్‌వేర్లూ దాన్ని ఒకేలా పట్టించుకోవు. ఫారం బటన్లకు ఆ వీలు కూడా లేదు. పైగా బటన్లన్నీ పేజీలోని అక్షరాలకూ బొమ్మలకూ పైనే ఉంటాయి. వాటిలో వాటికి వరుస ఉంటుంది: జాబితాలో చివర ఉన్నది అన్నిటికన్నా పైన ఉంటుంది, నొక్కు దానికే అందుతుంది.

ఇప్పుడు పటం చూడండి. ఆంధ్రప్రదేశ్ సుమారుగా 12.6 నుంచి 19.1 ఉత్తర అక్షాంశాల మధ్య, 76.8 నుంచి 84.8 తూర్పు రేఖాంశాల మధ్య ఉంది. తెలంగాణ 15.8 నుంచి 19.9 వరకు, 77.2 నుంచి 81.3 వరకు. అంటే ఉత్తరాన కాస్త తప్ప తెలంగాణ పెట్టె మొత్తం ఆంధ్ర పెట్టెలోనే పడుతుంది. ఆంధ్రను పైన పెడితే హైదరాబాద్ నొక్కినవాడికి ఆంధ్ర వివరాలు వస్తాయి. సరే, తెలంగాణను పైకి తెద్దాం అంటే విజయవాడ, గుంటూరు, ఏలూరు మూడూ తెలంగాణ పెట్టెలోకి పోతాయి. ఇక ఆంధ్ర పెట్టెలో బెంగళూరు ఉంది, చెన్నై ఉంది, బంగాళాఖాతంలో బోలెడంత నీళ్లున్నాయి. ఏది పైన, ఏది కింద అన్న ఒక్క నిర్ణయంతో తెమిలే తగాదా కాదిది.

అక్రోబాట్‌లో ఫారం సవరించే పనిముట్టు తెరిస్తే ఈ పటం చేసినవారి లెక్క బయటపడుతుంది. ఒక్కో రాష్ట్రానికి ఒక్క బటన్ కాదు. తెలంగాణ 7 ముక్కలు, ఆంధ్ర 12 ముక్కలు, అన్నీ పారదర్శకమే. ఆంధ్ర ముక్కలు కింద, తెలంగాణవి వాటి మీద. తెలంగాణ వైపు సరిహద్దు దగ్గర ఆంధ్ర ముక్కలను ఏమాత్రం జాగ్రత్త లేకుండా లోపలికి జరిపేశారు, ఎందుకంటే అక్కడ పైనున్న తెలంగాణ ముక్కే హద్దు తేలుస్తుంది. ఆ శ్రద్ధంతా సముద్రం వైపు, కర్ణాటక, తమిళనాడు వైపు ఖర్చుపెట్టారు. ఒకే హద్దును రెండుసార్లు చెక్కే శ్రమ తప్పింది.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. తెలంగాణ ముక్కలు ఒకదానిమీదికి ఒకటి రెండు మూడు పాయింట్లు జరిగి ఉన్నాయి. కొలత తప్పి కాదు, కావాలనే చేశారు. అంచుకు అంచు సరిగ్గా ఆనిస్తే మధ్యలో వెంట్రుకవాసి సందు మిగిలే ప్రమాదం ఉంది. అక్కడ చెయ్యి గుర్తు బాణంగా మారి మళ్లీ చెయ్యి అవుతుంది, సరిగ్గా అక్కడ నొక్కినవాడికి ఏమీ జరగదు. ఒకే పేజీకి తీసుకెళ్లే బటన్లు ఎంత కలగలిసినా నష్టం లేదు. వేర్వేరు పేజీలవి కలిసే చోటే అసలు పని.

ఆ అసలు పనికి మచ్చు కోదాడ, జగ్గయ్యపేట. హైదరాబాద్–విజయవాడ హైవే మీద హద్దుకు ఇటొకటి అటొకటి. పటం 600 పాయింట్ల ఎత్తున గీస్తే ఈ రెండిటి మధ్య దూరం కాగితం మీద అర సెంటీమీటరు. ఆ అర సెంటీమీటరులో తెలంగాణ ముక్క మూల కోదాడ దాటి జగ్గయ్యపేటకు ముందే ఆగింది. భద్రాచలం ఇంకా చిక్కు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రలో కలిసినా పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. దానికోసం విడిగా ఒక చిన్న ముక్క కోశారు, ఏడోది అదే.

యానాం సంగతి చెప్పకపోతే అన్యాయం. నాలుగువైపులా ఆంధ్రే ఉన్న పుదుచ్చేరి భూమి అది, పటంలో ఆవగింజంత. దాని బటన్‌ను అన్నిటికన్నా పైన పెట్టారు సరే, అంత చిన్నదాన్ని ఏ వేలు నొక్కగలదు? అక్కణ్నుంచి సముద్రంలోకి ఒక సన్నగీత లాగి, నీళ్ల మీద పెద్దక్షరాలతో యానాం అని రాసి, ఆ పేరు మీద రెండో బటన్ పెట్టారు. సముద్రం వైపు ఆంధ్ర ముక్కలను అంత కచ్చితంగా కోసి ఖాళీ ఉంచుకున్నందుకే ఇది కుదిరింది.

నొక్కగానే తెరుచుకునే వివరాల పెట్టె కూడా చూడదగ్గదే. ఇలాంటి చోట చాలామంది దాచిన బటన్‌ను చూపించే పద్ధతి వాడతారు. పెట్టె గనక పారదర్శకమైన ముక్కల కింద పడితే, కళ్లకు పెట్టే కనిపిస్తుంది, నొక్కు మాత్రం దాని పైనున్న కనిపించని రాష్ట్రానికి పోతుంది. పైగా చూపించు, దాచు అనే ఆదేశాలు ఫోన్లలోనూ బ్రౌజర్లలోనూ అన్నిచోట్లా పనిచెయ్యవు. వీరు ఆ జోలికే పోలేదు. అదే పటాన్ని వేరే పేజీలో అచ్చంగా అదే చోట మళ్లీ వేసి, దాని మీద పెట్టెను బొమ్మగా గీసి, ఆ పేజీలో మూసే గుర్తు ఒక్కటే బటన్‌గా ఉంచారు. చూసేవాడికి పెట్టె తెరుచుకున్నట్టే ఉంటుంది, నిజానికి మారింది పేజీ. జూమ్‌ను యథాతథంగా ఉంచే ఎంపిక పెట్టడం వల్ల, పటాన్ని పెద్దది చేసుకుని చూస్తున్నవాడికి అది ఉన్నట్టుండి కుంచించుకుపోదు. నన్నడిగితే ఈ పీడీఎఫ్‌ మొత్తంలో తెలివైన పని ఇదే.

మౌస్ పెడితే రాష్ట్రం వెలిగే హంగు లేదు. ముక్కలు చేశాక అది తేలిగ్గా కుదరదు, ఏ ముక్కకు ఆ ముక్కే వెలుగుతుంది. దాన్ని మానుకోవడమే మంచిదైంది.

ఒక్క లోపం మాత్రం చెప్పాలి. మౌస్ లేకుండా ట్యాబ్ కీతో కదిలేవారికి, తెరచదువరి సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఈ ముక్కలన్నీ విడివిడి బటన్లే. తెలంగాణ, తెలంగాణ అని ఏడుసార్లు వినాలి, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ పన్నెండుసార్లు. పేజీ అడుగున ఒక్కో రాష్ట్రానికి ఒక మామూలు లింకు పెట్టి, ట్యాబ్ వరుసలో వాటిని ముందు నిలిపితే సరిపోయేది. అందుకు అక్కడ చోటు కూడా ఉంది.