ఆకాశవాణి దాకా ఆగిన తండ్రి

సుల్తాన్ బజార్‌లో, 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో కూర్చుని నన్నయ శకుంతలోపాఖ్యానాన్ని మళ్ళీ చదివాను. నా తరగతిలో ఒక విద్యార్థిని వేసిన ప్రశ్నే అందుకు కారణం: “ఆ పిల్లవాడు పెరిగినన్నాళ్ళూ తండ్రి ఎక్కడున్నాడు సార్?” పదేళ్ళుగా ఆ పాఠం చెబుతున్న నాకు ఈ ప్రశ్న తోచనేలేదు. సత్యం గొప్పదనాన్ని చాటే పద్యాన్ని రాగయుక్తంగా చదివి, గంట కొట్టగానే బయటికి వచ్చేవాణ్ణి.

గాంధర్వమూ వివాహమే కదా అనవచ్చు. శాస్త్రానికి వివాహమే, సాక్షి లేదు గనుక సభలో కాలేదు. కాళిదాసు దుర్వాసుని శాపం తెచ్చి రాజును కాపాడాడు. వ్యాసుణ్ణి అనుసరించిన నన్నయ ఆ చాటు ఇవ్వలేదు. ఇక్కడ దుష్యంతునికి అంతా గుర్తే. లోకాపవాదానికి వెరచి ఎరగనంటాడు. ఆకాశవాణి పలికాకనే కొడుకును స్వీకరిస్తాడు. దీన్ని మనం సత్యవిజయమని బోధిస్తున్నాం.

కాని జరిగిందేమిటి? రాజుకు వారసుడు దొరికాడు, బిడ్డకు వంశం దొరికింది. పెంచిన చేతులు మాత్రం తల్లివి, ఆశ్రమవాసులవి. ఆస్తికి వారసుణ్ణి వెతికే సమాజంలో తండ్రి అంటే పేరు, గద్దె, పెంపకం కాదు. పోనీ, వివాహాన్నే ధిక్కరిస్తే తండ్రి పుడతాడా? చలం ‘మైదానం’ (1927)లో అమీర్‌కు బిడ్డ అక్కరలేదు. తిరుగుబాటు శయ్య దాకా వచ్చి ఉయ్యాల దగ్గర ఆగిపోయింది.

నేటి ఆకాశవాణి డి.ఎన్.ఎ. పరీక్ష. అది రక్తసంబంధాన్ని రుజువు చేస్తుంది, న్యాయస్థానం భరణం ఇప్పిస్తుంది. వివాహేతర సంతానానికి మొదటి సంరక్షకురాలు తల్లి, ఆమె తర్వాతే తండ్రి అని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెబుతోంది. పెళ్ళికాని తల్లి, తండ్రి పేరు వెల్లడించకుండానే సంరక్షకత్వం కోరవచ్చునని 2015లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పారిపోయినవాడు తిరిగివచ్చి పెత్తనం చెయ్యకుండా ఈ రక్షణ అవసరమే. అయితే చట్టం డబ్బు రాబట్టగలదు గాని, రాత్రి ఏడ్చే పసివాణ్ణి ఎత్తుకునే చెయ్యిని రాబట్టలేదు. ఆ చెయ్యి మొదటి రోజునుంచే రావాలి, తల్లి సమ్మతితో రావాలి. హక్కుకు ముందు శ్రమ. ఈ విలువను ప్రజల మనసులో నాటవలసింది సాహిత్యమే.

సత్యపద్యాన్ని ఇకమీదట కూడా కంఠస్థం చేయిస్తాను. దానితోపాటు ఆ విద్యార్థిని ప్రశ్ననూ చెబుతాను.