తగినంత ఉప్పు, 65 శాతం నీళ్ళు

వంటల రాతని రాతగా చదివే అలవాటు మనకి పెద్దగా లేదు. కథకి విమర్శ ఉంది, కవితకి ఉంది. చారు ఎలా పెట్టాలో చెప్పే పది వాక్యాలకి లేదు. అవీ వాక్యాలే కదా, ఎవరో ఎవరికోసమో రాసినవే కదా. ఆ "ఎవరికోసం" అన్నదాని గురించే ఈ వ్యాసం.

తెలుగు వంటల రాతలో ముఖ్యమైన మాట "తగినంత". తగినంత ఉప్పు, సరిపడా నీళ్ళు, చిటికెడు పసుపు. పొద్దున్న లేస్తే కోడ్ రాసుకునే నాలాంటివాడికి ఇది విలువ ఇవ్వకుండా వదిలేసిన వేరియబుల్‌లా కనిపిస్తుంది. కానీ అదే పేజీలో ఇంకో రకం మాటలుంటాయి: ఆవాలు చిటపటలాడాక, పచ్చివాసన పోయాక, నూనె పైకి తేలాక. ఇవి అస్పష్టమైన మాటలు కావు. ఇంతసేపు అనకుండా ఇలా అయ్యేదాకా అంటున్నాయి. గ్యాస్ స్టవ్వైనా కట్టెల పొయ్యైనా పచ్చివాసన పోవడం పచ్చివాసన పోవడమే. గడియారం కంటే ఇదే నమ్మకమైన కొలత.

చిక్కల్లా, ఈ కొలత తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. పచ్చివాసన ఎలా ఉంటుందో, అది పోతే ఎలా ఉంటుందో వాక్యం చెప్పదు. పక్కన నిలబడి చూసిన మనిషి చదువుతోందని అనుకుంటుంది. ఆ మనిషి ఎక్కువసార్లు ఇంటి ఆడపిల్లే. అంటే మన వంటల రాత పాఠం చెప్పడానికి కాదు, చూసింది గుర్తు చెయ్యడానికి రాసింది.

మా విజయనగరం వైపు నుంచే ఒక ఉదాహరణ. 1897లో అచ్చయి, 1909లో కొత్తరూపు దిద్దుకున్న 'కన్యాశుల్కం'లో రోజువారీ భోజనం అమ్ముకుని బతికే మనిషి ఉంది. నాటకమంతా ఆమెని పూటకూళ్ళమ్మ అనే పిలుస్తుంది. సంతలో సామాను కొనిపెడతానని ఆమె దగ్గర గిరీశం పట్టుకెళ్ళిన ఇరవై రూపాయలు మనకి గుర్తు. చీపురుకట్టతో ఆమె మధురవాణి ఇంటికి రావడం ఇంకా బాగా గుర్తు. ఆ సామానుతో ఆమె ఏం వండేదో, ఎలా వండేదో నాటకం చెప్పక్కర్లేదు, దాని పని అది కాదు. కానీ ఇంకెవరి పనీ కాకుండా పోయింది. పూటపూటా వండే చెయ్యి మన సాహిత్యంలో ఉంది, ఆ చేతి పని వివరం లేదు.

రాసినంత మేర కూడా పండగ వంటకే పెద్దపీట. బూరెలకీ అరిసెల పాకానికీ ఇచ్చిన పేరాలు చోడి అంబలికీ, గంటి అన్నానికీ, తరవాణికీ, మిగిలిన పప్పుతో మర్నాడు కాచే చారుకీ ఇవ్వలేదు. రోజూ చేసేది ఎవరు మర్చిపోతారులే అన్న ధీమా. ఆ ధీమాకి కాలం చెల్లింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికోసం హైదరాబాదో బెంగుళూరో చెన్నయో వెళ్ళని ఇల్లు అరుదు. పక్కన నిలబడి చూడాల్సిన మనిషి ఊళ్ళో లేదు. కథలు పోకుండా కాపాడుకోడానికి 1997లో కారా మాస్టారు శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. తరవాణి కుండకి అలాంటి చోటు లేదు.

ఇప్పుడు బ్రెడ్డు సంగతి. మా ఇళ్ళల్లో బ్రెడ్డంటే జ్వరం. పాలల్లో ముంచుకుని తినేది, బేకరీ నుంచి వచ్చేది. ఇంట్లో చెయ్యొచ్చన్న ఊహే ఉండదు. రాత్రి పప్పు రుబ్బి, పొద్దుటికి పిండి పులియబెట్టి, ఆవిరి మీద ఉడికించే ఇల్లు బ్రెడ్డుకి జంకడం వింతే. ఆ జంకు సగం రాత వల్లనే అనుకుంటాను. బ్రెడ్డు రెసిపీ పరీక్ష పేపర్లా ఉంటుంది: మైదా 500 గ్రాములు, నీళ్ళు 325, ఉప్పు 10, ఈస్టు 5. పిండిని నూరనుకుంటే నీళ్ళు 65 శాతం, ఉప్పు 2 శాతం. గంటన్నర పొంగనివ్వు. 220 డిగ్రీల దగ్గర అరగంట కాల్చు. తప్పితే తప్పే అన్నట్టుంటుంది.

కానీ ఈ భాషలో ఒక మర్యాద ఉంది. ఇది పక్కన ఎవరూ లేని మనిషి కోసం రాసింది. అమ్మమ్మ చూపించలేదా, పర్లేదు, త్రాసు ఉంది కదా అంటుంది. ఇంత ధైర్యం మన "తగినంత" నాకెప్పుడూ ఇవ్వలేదు.

అయితే అంత కచ్చితమైన రెసిపీ కూడా ఒకచోట దాక్కుంటుంది. "గది ఉష్ణోగ్రత దగ్గర గంటన్నర." ఎవరి గది? ఆ మాట ఇరవై, ఇరవై రెండు డిగ్రీల వంటింట్లో కూర్చుని రాసింది. మే నెలలో విజయనగరం వంటింట్లో అది చెల్లదు. నలభై అయిదు నిమిషాలకే పిండి గిన్నె అంచు దాటుతుంటే మా అమ్మని పిలిచాను. ఆవిడ బ్రెడ్డు ఎప్పుడూ చెయ్యలేదు. వేలితో ఒక్కసారి నొక్కింది. "ఇంకా గంటేటి నానా? పులిసిపోద్ది. పొయ్యిలో పెట్టీ" అంది. అలాగే పెట్టాం. బ్రెడ్డు బాగానే వచ్చింది.

ఆవిడ చదివింది గడియారాన్ని కాదు, పిండిని. నిజానికి రెసిపీలోనూ "రెట్టింపు అయ్యేదాకా" అని పక్కనే ఉంది, గంటన్నర అంకె ముందు అది ఆనదు. అంటే ఇంగ్లీషు రెసిపీకీ ఒక "తగినంత" ఉంది, గది ఉష్ణోగ్రత అని పేరు మార్చుకుని. ఎండాకాలం పిండి త్వరగా పులుస్తుందని, చలికాలం గిన్నెని పొయ్యి పక్కకి జరపాలని ఇడ్లీ పిండి దగ్గర నేర్చుకున్న మనిషికి ఆ ఖాళీ పూరించడం కష్టం కాదు. ఇప్పుడు సిటీల్లో మోజు పడుతున్న సవర్‌డో ఇంకా దగ్గరి చుట్టం. కొంత వాడుకుని, మిగిలినదాంట్లో కొత్త పిండీ నీళ్ళూ కలిపి బతికించుకోవడమే దాని రహస్యం. తరవాణి కుండ నడిచేదీ ఇలాగే. పెరుగుకి వాడే మాట, తోడు, దానికీ సరిపోతుంది.

కాబట్టి తగినంత మంచిదా, గ్రాములు మంచివా అన్నది నా తగువు కాదు. మన రోజువారీ తిండిని కొత్తవాళ్ళ కోసం రాయాలి. అంకె ఉండాలి, దాని పక్కనే గుర్తూ ఉండాలి, ఏ ఊరు, ఏ కాలమో కూడా ఉండాలి. చోడి అంబలి నేనైతే ఇలా రాస్తాను: అర గ్లాసు చోడిపిండి రాత్రి గ్లాసు నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి మూతపెట్టాలి. మా వైపు వేసవిలో పొద్దుటికి సన్నటి పులుపు వాసన వస్తుంది, చలికాలం ఇంకో పూట పట్టొచ్చు. గుప్పెడు నూకలు మూడు గ్లాసుల నీళ్ళలో మెత్తగా ఉడికాక ఆ పిండి పోసి, అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. తెల్లగా కనపడే పిండి ముదురురంగుకి తిరిగి, నిగనిగలాడి, గరిటె నుంచి ధారగా కాక ముద్దముద్దగా జారితే ఉడికినట్టు. చల్లారాక మజ్జిగ, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ.

ఉప్పు ఎంత అంటారా? ముందు అర చెంచా వెయ్యండి. రుచి చూశాక మిగతాది మీరే చెప్పగలరు.