యుద్ధకథలలో ఆయుధవిచారము

ఆంధ్రవాఙ్మయమున యుద్ధవర్ణనములకు కొఱత లేదు. ఆయుధవిచారమునకు మాత్రము కొఱత మిక్కుటముగా గలదు. నాయకుడు ధీరోదాత్తుడా ధీరోద్ధతుడా యని విమర్శకులు తర్కింతురు. వీరము అంగియో కరుణము అంగియో తేల్తురు. ఆ నాయకునిపై ప్రయోగింపబడిన ఆయుధము ఎవరిది, దానికి మూల్యముగా ఎవరు ఏమి యిచ్చిరి అను ప్రశ్నను అలంకారశాస్త్రమునకు వెలుపలిదని విడిచిపెట్టుదురు. ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని నాతవరము వంటి యూళ్లలో బాలురు చిన్ననాటనే వినుచుండు కథలు రెండు: ఉత్తరమున జరిగిన బొబ్బిలికథ, పొరుగుకొండలలో జరిగిన మన్యపుకథ. పై ప్రశ్నతో చదివినచో రెంటి యర్థమును మాఱుచున్నది.

బొబ్బిలికోట 1757 జనవరి 24వ తేదీన కూలెను. దిట్టకవి నారాయణకవి దీనిని రంగరాయచరిత్రముగా ప్రబంధించెను, జంగములు పాడిరి, వేదము వేంకటరాయశాస్త్రి నాటకము చేసెను. పరువు, పగ, అంతఃపురస్త్రీల మరణము, తాండ్ర పాపారాయని ప్రతీకారము — ఈ కథకు ప్రాణములివి. ఇందు దోషము లేదు. కాని బుస్సీ ఫిరంగులు చదువరి మనస్సున పిడుగులవలె పడి పోవుచున్నవి. పిడుగునకు లెక్కపత్రములుండవు, ఫిరంగికి గలవు. 1753లో సలాబతుజంగు ఫ్రెంచి పటాలముల జీతబత్తెముల క్రింద ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము అను నాలుగు సర్కారులను వారి వశము చేసెను. మందు, గుండు, కవాతు నేర్చిన సిపాయి — ఇవి నెలనెలకు రొక్కము కోరునవి. రొక్కము లేని ప్రభువు దేశమునే ఇచ్చెను. ఆ సర్కారులలో గుత్తదారైన విజయరామరాజు తన పాతపగకు ఆ ఫిరంగులనే ఎరవు తెచ్చుకొనెను. గండిపడిన బురుజులకడ వెలమవీరులు దాడిని పలుమాఱు త్రిప్పికొట్టిన శౌర్యమును ఆంగ్ల చరిత్రకారుడు ఓర్ము సయితము మెచ్చెను. శౌర్యము తక్కువై కోట పోలేదు.

పాపారాయుడు విజయరామరాజును డేరాలో చంపుటతో కథకు ముగింపు, యుద్ధము ముగియలేదు. వారసుడైన ఆనందగజపతికి ఫ్రెంచివారితో పొసగలేదు, ఆంగ్లేయులను పిలిచెను. 1758 డిసెంబరులో చందుర్తికడ ఫ్రెంచివారు ఓడిరి. 1759 ఏప్రిలులో బందరుకోట పోయెను. మే నెలలో సలాబతుజంగు ఆంగ్లేయులతో ఒడంబడిక చేసికొనెను. అంతకుమునుపు వియ్యముచేతను కప్పముచేతను నడచిన రాజసంబంధములు మందుగుండు ఎవరిదను దానినిబట్టి నడువసాగెను. 1794 జూలై 10వ తేదీన పద్మనాభముకడ విజయనగరపు మఱియొక విజయరామరాజును ఆ యాంగ్లేయుల సేనయే చంపెను. బొబ్బిలిని పద్మనాభముతో కలిపి చదువని విమర్శ సగము విమర్శ.

ఇట్టి లెక్కలు రసభంగకరములని కొందఱు పండితుల ఆక్షేపణము. అది నిలువదు. చంపినవాడును చచ్చినవాడును ఒక్క వలలోనివారే యని తెలిసినపుడు కరుణము ఇనుమడించునే గాని తగ్గదు.

మన్యపుకథలో ఈ విచారమును నాయకుడే చేసినాడు. అల్లూరి సీతారామరాజు మొదట పట్టినది కోటను గాదు, ఖజానాను గాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి 26 తుపాకులను, సుమారు 2,500 తూటాలను గైకొనెను. తీసికొనిన ఆయుధముల వివరమును ఠాణా పుస్తకమున వ్రాసి సంతకము చేసెనని ప్రసిద్ధి. విల్లంబులు గల కొండవారి కేమి కొఱతయో ఆ పట్టిక చెప్పుచున్నది. ఆ పోరాటమునకు మొదటి వ్యాఖ్యానము అదియే. మిరపకాయ టపాతో ముందుగా తెలిపి పైబడుట పాతధర్మము, తూటాలు లెక్కించుట కొత్తధర్మము: రెండును ఒకనియందే యుండుట విశేషము. పాటగాండ్రు మొదటిదానిని మెచ్చి రెండవదానిని దాటిపోవుదురు. తూటా చేయు కార్ఖానా మన్యమున లేదు; ప్రభుత్వమునకు మలబారు పోలీసులు, తరువాత అస్సాము రైఫిల్సు వచ్చుచునే యుండిరి. 1924 మే 7వ తేదీన రాజు చంపబడెను.

తరువాతి యుద్ధములు కవికి మఱింత చిక్కు తెచ్చినవి. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసెను. వేసినవాని మొగము ఎవరును చూడలేదు. 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఆ తీరముననే మునిగెను. భారతనౌకయే ముంచినదని ఒక పక్షము, తన మందుపాతరల ప్రేలుడుచేతనే మునిగినదని వేఱొక పక్షము. ద్వంద్వయుద్ధవర్ణనమునకు అలవడిన కవి ఇచ్చట ఎవరిని వర్ణించును? 2009 జూలై 26వ తేదీన అచ్చటనే జలప్రవేశము చేసిన అరిహంతు సంగతి ఇంకను విపరీతము. అణ్వాయుధమును తాము ముందుగా ప్రయోగింపమని 2003లో భారతప్రభుత్వము ప్రకటించియున్నది. ప్రయోగింపకుండుటయే ప్రయోజనముగా గల ఆయుధమిది. పరరాజ్యముల నడవడి దానిని జూచియే మాఱుచుండును.

బ్రహ్మాస్త్రమే నేటి అణ్వస్త్రమని సంబరపడువారు గలరు. ఆ పోలిక పసితనము. సౌప్తికపర్వమున చూడదగినది వేఱొకటి గలదు. వ్యాసనారదులు నడుమ నిలిచినపుడు అర్జునుడు అస్త్రమును మరలించెను. అశ్వత్థామకు మరలించుట చేతకాక దానిని ఉత్తర గర్భముపైకి త్రిప్పెను. ప్రయోగము ఇరువురకును తెలియును, ఉపసంహారము ఒక్కనికే తెలియును. ఆ ఘట్టమును పాఠము చెప్పునపుడు ద్రోణసుతుని శిరోమణిని గూర్చి చెప్పునంతసేపు ఈ యుపసంహారమును గూర్చి చెప్పు పండితులు అరుదు.