షు గోళంలో లేని సుడి

నక్షత్ర జననంపై వచ్చిన సైద్ధాంతిక వ్యాసాలలో ఫ్రాంక్ షు 1977లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసానిది ప్రత్యేక స్థానం. ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న గోళాకార వాయుమేఘం లోపలినుంచి మొదలై బయటికి కూలుతుందని అందులోని ప్రతిపాదన. పతనం మొదలైన వార్త ధ్వనివేగంతో బయటికి పాకుతుంది. అది అందేవరకూ పైపొరలు నిశ్చలంగానే ఉంటాయి. కేంద్రానికి చేరే ద్రవ్యం రేటు కాలంతో మారదు. ధ్వనివేగపు ఘనంపైనే ఆధారపడుతుంది. సుమారు 10 కెల్విన్ ఉష్ణోగ్రత గల మేఘంలో అది ఏడాదికి సౌర ద్రవ్యరాశిలో ఐదారు లక్షలవ వంతు.

ఇంత పొదుపైన సిద్ధాంతం అరుదు. అయితే ఆ పొదుపు కోసం షు వదిలేసినది భ్రమణం. నిజమైన మేఘాలు నెమ్మదిగానైనా తిరుగుతాయి. కోణీయ ద్రవ్యవేగం నిలిచి ఉండాలి కనుక, లోపలికి పడేకొద్దీ వాయువు వేగంగా తిరిగి, నక్షత్రం మీద కాక దాని చుట్టూ పళ్ళెంలా చేరుతుంది. 1984లో టెరెబీ, షు, కాసెన్ ఈ లోటును పూరించారు. మేఘం మొదట ఘనవస్తువులా ఏకరీతిగా తిరుగుతోందనుకుంటే, పళ్ళెపు వ్యాసార్ధం కాలపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుందని వారి ఫలితం.

ఇక్కడ లెక్కలోకి రానిది అయస్కాంత క్షేత్రం. అది భ్రమణాన్ని లోపలినుంచి బయటికి లాగేస్తుంది. వాయువు క్షేత్రానికి పూర్తిగా అతుక్కుని ఉంటుందనుకుంటే, భ్రమణబలంతో నిలిచే పళ్ళెమే ఏర్పడదని ఆలెన్, లీ, షు 2003లో చూపారు. తన నమూనాకు తానే ప్రశ్న వేసుకోగలగడం షు పరిశోధనలోని గొప్పతనం.

పరిశీలనలు మాత్రం పళ్ళేలు ఉన్నాయనే చెబుతున్నాయి. వృషభరాశిలోని ఎల్1527 శిశునక్షత్రం చుట్టూ కెప్లర్ నియమాన్ని పాటించే పళ్ళెం ఉందని టోబిన్ బృందం 2012లో ప్రకటించింది. 2014లో నామి సకాయ్ బృందం అక్కడి వాయు కవచం తిరుగుతూ లోపలికి పడుతోందనీ, కేంద్రానికి సుమారు 100 ఖగోళ ఏకకాల దూరంలో వాయువు రసాయన స్వభావం మారుతోందనీ చూపింది. కవచంలో భ్రమణవేగం దూరానికి విలోమంగా, పళ్ళెంలో దూరపు వర్గమూలానికి విలోమంగా మారుతుంది. ఈ తేడాయే రెంటినీ వేరుచేసే గుర్తు.

స్థిరమైన రేటుకూ ఇదే చిక్కు. అదే నిజమైతే శిశునక్షత్రాలు ఇప్పుడు కనిపిస్తున్నదానికంటే ఎంతో కాంతివంతంగా ఉండాలి. కవచం నుంచి వచ్చిన ద్రవ్యం ముందు పళ్ళెంలో పోగుపడి, తర్వాత ఉండుండి నక్షత్రం మీదికి దూకుతుందన్నది దీనికి ఒక సమాధానం. అంటే 1977 వ్యాసం పక్కన పెట్టిన భ్రమణమే అందులోని ముఖ్య ఫలితాన్నీ సవరిస్తోంది. ఆ వ్యాసాన్ని నక్షత్ర జనన చరిత్రగా చదివితే నిరాశే మిగులుతుంది. ఏది ఎక్కడ తప్పుతోందో కొలవడానికి గీసిన తొలిగీతగా చదివితే దాని విలువ ఇప్పటికీ తగ్గలేదు.