కాలిగోళ్ల కథ

షెరిల్ స్ట్రెయిడ్ ‘వైల్డ్’ (2012) గురించి ఎవరు మాట్లాడినా తల్లి చావు, దుఃఖం, కోలుకోవడం అంటారు. నన్ను పట్టుకున్నవి మాత్రం ఆవిడ కాలిగోళ్లు. 1995లో పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ మీద ఒంటరిగా 1,100 మైళ్లు. ఇరుకు బూట్ల వల్ల ఆరు గోళ్లు పోతాయి. ‘మాన్‌స్టర్’ అని పేరు పెట్టుకున్న బ్యాగు మొదట నేల మీంచే లేవదు. స్టవ్‌కి పనికిరాని ఇంధనం తెచ్చుకుని చల్లటి తిండి తింటుంది. బరువు తగ్గాలని చదివేసిన పేజీలు కాల్చేస్తుంది (పుస్తకప్రియులు కాస్త ఓర్చుకోవాలి). సియెర్రాలో మంచు ఎక్కువైతే బస్సెక్కి దాటేస్తుంది, ఆ సంగతి దాచదు కూడా. ఇలాంటి చోట్ల దుఃఖం పేరెత్తకుండానే తెలుస్తుంది. కొలంబియా నది వంతెన దగ్గరికొచ్చేసరికి మాత్రం నడకకి అర్థం తనే చెప్పడం మొదలుపెడుతుంది. అంతదూరం వెంట నడిచిన పాఠకుడికి ఆ వివరణ దేనికి? నాకైతే అక్కడ కాళ్ల గురించి ఇంకో పేరా ఉంటే బాగుండుననిపించింది.