ఏదొచ్చినా పట్టే చేతులు

మా అమ్మమ్మకి ఒక సామెత ఊతపదం. ఎవరింటి పెళ్లిపనులో నెత్తినేసుకున్నా, పక్కింటివాళ్ల తగువు తీర్చడానికెళ్లి నాలుగు మాటలు పడొచ్చినా అదే అనేది: ‘మంత్రసానితనానికి ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టాలి, పియ్యొచ్చినా పట్టాలి.’ చిన్నప్పుడు రెండో సగానికి పకపకా నవ్వేవాళ్లం. ఆ మాట నిజంగానే ఒక పని గురించి పుట్టిందని నా కాన్పు అయ్యేదాకా తట్టలేదు.

పద్నాలుగు గంటల నొప్పులు నావి. పగలు డ్యూటీలో ఉన్న నర్సు, నేను అరిచినప్పుడల్లా, లేబర్ రూముల్లో ఎప్పట్నుంచో తిరుగుతున్న ఆ మాటే అంది: ‘అప్పుడు లేని నొప్పి ఇప్పుడెందుకొచ్చింది?’ పక్క మంచం మీదున్నామె కూడా వింది. సిగ్గుతో అరవడం మానేశాను. రాత్రి డ్యూటీకి ఇంకొకామె వచ్చింది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పరీక్ష చేసే ముందు ‘చెయ్యి పెడుతున్నానమ్మా’ అని చెప్పింది. నొప్పి వస్తే అది తగ్గేదాకా ఆగింది. నడుం కింద అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకుంది. చివర్లో ‘ఇప్పుడు ముక్కకమ్మా, నోటితో ఊదు’ అంది. అంతే. ఆమె పేరు అడగడం కూడా మర్చిపోయాను.

చాలాకాలం ఆ ఇద్దర్నీ చెడ్డామె, మంచామె అని విడదీసుకున్నాను. జెన్నిఫర్ వర్త్ రాసిన ‘కాల్ ది మిడ్‌వైఫ్’ చదివాక ఆ లెక్క సరిపోదనిపించింది.

ఈ పేరుతో 2012లో మొదలైన బీబీసీ సీరియల్ మనలో కొంతమందికి తెలుసు. దాని వెనకున్న పుస్తకం 2002లో వచ్చింది. 1950లలో లండన్ ఈస్ట్ ఎండ్‌లో, రేవు కార్మికుల ఇళ్ల మధ్య, నన్‌లు నడిపే ఒక కాన్వెంట్‌లో ఉంటూ సైకిల్ మీద ఇంటింటికీ వెళ్లి పురుళ్లు పోసిన ఒక యువ నర్సు జ్ఞాపకాలివి. మనం ఆస్పత్రిలో ప్రతి నర్సునీ ‘సిస్టర్’ అంటాం. ఇక్కడ సిస్టర్లు నిజంగానే సన్యాసినులు. పుస్తకం పుట్టిన కథ కూడా చెప్పుకోదగ్గదే. 1998లో టెర్రీ కోట్స్ అనే మిడ్‌వైఫ్, సాహిత్యంలో మంత్రసానులు దాదాపు కనిపించరని, పశువుల డాక్టర్ల గురించి జేమ్స్ హెరియట్ రాసినట్టు మా పని గురించి ఎవరైనా రాయకూడదా అని ఒక వృత్తి పత్రికలో అడిగారు. నర్సింగ్ వదిలి చాలా ఏళ్లుగా సంగీతంలో ఉన్న వర్త్ అది చదివి ఈ పుస్తకం రాశారు.

వర్త్ బలమంతా చేతుల్ని వర్ణించడంలో ఉంది. పురిటి సన్నివేశాన్ని మన కథల్లో, సినిమాల్లో ఎలా దాటేస్తారో తెలుసు కదా: తలుపు మూసుకుంటుంది, బయట మొగుడు పచార్లు చేస్తుంటాడు, లోపల్నుంచి కేర్ మని ఏడుపు. వర్త్ మనల్ని తలుపుకి ఇవతలే ఉంచేయదు, లోపలికి తీసుకెళ్తుంది. తల కనిపించినప్పుడు ఎందుకు తొందరపడకూడదో, ఎప్పుడు ముక్కమనాలో, ఎప్పుడు ఆపమనాలో, మాయ పడేదాకా పని ఎందుకు అవ్వలేదో చెప్తుంది. రక్తం, ఉమ్మనీరు, ఎనీమా, అన్నీ ఉంటాయి. మా అమ్మమ్మ సామెత రెండో సగాన్ని దాచకుండా రాసిన పుస్తకం ఇది.

ఇలా రాయడం వల్ల ఒకటి తేటపడింది నాకు. కరుణ వేరు, పనితనం వేరు అనుకుంటాం మనం. ‘ఆమె పనిలో దిట్ట, నోరే కాస్త...’ అంటాం. కానీ నొప్పి తగ్గేదాకా చెయ్యి ఆపడం కరుణా, పనితనమా? చిరక్కుండా తలని మెల్లగా రానివ్వడం? లేబర్ రూమ్‌లో జాలి మొహంలో కనిపించక్కర్లేదు, చేతిలో ఉండాలి.

సిస్టర్ ఇవాంజెలినా పాత్రలో ఈ సంగతి బాగా తెలుస్తుంది. కటిక పేదరికంలోంచి వచ్చిన మనిషి. కాన్వెంట్‌లో నవ్వడమే తెలియనట్టు ఉంటుంది. మధ్యతరగతి నుంచి వచ్చిన జెన్నీకి ఆమె మొరటుగా తోస్తుంది. తీరా పేషెంట్ల ఇళ్లకి వెళ్తే వాళ్లకి ఆమె అంటేనే ప్రాణం. వాళ్ల ముతక హాస్యం ఆమెకి వచ్చు, వాళ్ల సిగ్గు ఎక్కడుందో తెలుసు. పగటి నర్సుదీ మొరటు మాటే కదా, తేడా ఏంటి అని ఆలోచించాను. ఇవాంజెలినా మాటతో అవతలి మనిషి సిగ్గు పోతుంది. నా విషయంలో ఆ మాటతోనే సిగ్గు పుట్టింది. సిగ్గుపడి నోరు నొక్కుకున్న మనిషి ఏం జరుగుతోందో నర్సుకి చెప్పలేదు. అంటే అది పనిలో కూడా లోపమే.

పుస్తకంలో నన్ను వదలని అధ్యాయం కొంచితా వారెన్‌ది. ఇరవై నాలుగు మంది పిల్లల తల్లి. ఆమెకి స్పానిష్ తప్ప రాదు, భర్తకి స్పానిష్ రాదు. ఇరవై అయిదో కాన్పుకి, బయట దట్టమైన పొగమంచు కమ్మి ఉండగా, జారిపడి దెబ్బ తగిలి, నెలలు నిండకుండానే నొప్పులొస్తాయి. బతకదనుకున్నంత చిన్న బిడ్డ. ఆస్పత్రికి తీసుకెళ్తామని డాక్టర్లు అంటారు. ఆమె ఇవ్వదు. రొమ్ముల మధ్య ఒంటికి ఆనించి కట్టుకుని, ముర్రుపాలు గాజుపుల్లతో చుక్కచుక్కగా పట్టి బతికించుకుంటుంది. 1978లో కొలంబియాలోని బొగొటాలో డాక్టర్ ఎడ్గార్ రే ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన ‘కంగారూ’ పద్ధతి ఇదే. ఇవాళ మన ఆస్పత్రుల్లోనూ ఉంది. ఈ అధ్యాయంలో నర్సు నైపుణ్యం వెనక్కి తగ్గడంలో ఉంది. తల్లికి తెలిసింది తనకి తెలియదని ఒప్పుకోవడం చిన్న విద్య కాదు.

పేచీ కూడా ఇక్కడే ఉంది నాకు. కొంచితా మనసులో ఏముందో పుస్తకం చెప్పదు. ఇరవై అయిదు కాన్పులు ఆమె కోరుకుందా? ఆమె ఆనందాన్ని బయట్నుంచి చూసి రచయిత్రి మురిసిపోతుంది. మిగతా తల్లుల మాటలు కాక్నీ యాసలో, ఉచ్చారణ తెలిసేలా రాసి ఉంటాయి. నర్సుల మాటలు శుభ్రమైన ఇంగ్లిషులో. మన కథల్లోనూ పనిమనిషికే యాస ఉంటుంది, కథకుడికి ఉండదు. అలాంటిదే ఇదీ.

రెండో పేచీ ఇంకా పెద్దది. కరుణకి మూలం ఎక్కడుందంటే వర్త్ నన్‌ల దైవభక్తి వైపు చూపిస్తుంది. ఉండొచ్చు. కానీ ఆమె పుస్తకంలోనే ఇంకో జవాబుంది, ఆమె దాన్ని పట్టించుకోదు. ఆ నర్సుకి టైముంది. ఒక తల్లి దగ్గర గంటలకొద్దీ కూర్చోవచ్చు. 1948లో వచ్చిన జాతీయ ఆరోగ్య సేవ వల్ల డబ్బు మాట లేదు. పైగా అది తల్లి ఇల్లు. నర్సు తలుపు కొట్టి లోపలికి రావాలి, నీళ్లు కావాలంటే అడగాలి. మన లేబర్ రూమ్‌లో చెప్పులు బయట విప్పి, గాజులు తీసి, ఎవరిదో గౌను వేసుకుని వెళ్లేది తల్లి. అక్కడ తల్లే పరాయిది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. 2017లో అక్కడ నర్సులకి ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. మరుసటి ఏడాది కేంద్రం కూడా మార్గదర్శకాలిచ్చింది. మంచి సంగతే. కానీ శిక్షణ పొందిన చేతులకి ఒక తల్లి పక్కన కూర్చునే టైము కూడా ఇవ్వాలి. ఆ పగటి నర్సు ఆ రోజు ఎన్ని మంచాల మధ్య పరుగెత్తుతోందో నేను లెక్కపెట్టలేదు. ఆ మాటని ఇప్పటికీ క్షమించలేను. అయితే అది ఆమె ఒక్కతి నోట్లోంచే వచ్చిందని కూడా ఇప్పుడు అనుకోను. సామెతలో ‘ఒప్పుకున్నాక’ అని ఉంది. ఆమె ఎన్ని కాన్పులకి, ఎంత జీతానికి ఒప్పుకుందో ఎవరు అడిగారు?

సీరియల్ చూసినవాళ్లు పుస్తకం కూడా చదవండి. తెర మీద మెత్తబడినవి ఇందులో గరుగ్గానే ఉన్నాయి. ఎవరో ఒకరు అడిగారు కాబట్టి వర్త్ రాశారు. తెలుగులో కూడా అడగాలనుంది నాకు. ఆ రాత్రి డ్యూటీ నర్సు రాస్తే చదవాలని ఉంది. పగలు డ్యూటీ ఆమె రాసినా చదవాలని ఉంది. ఇంకా చెప్పాలంటే, ముందు ఆమెదే.